గీసేవాళ్ళు, రాసేవాళ్ళు

జూన్ 9, సోమవారం

ఈరోజు ఒక చైనా ఆవిడ నన్ను చూసి నవ్వింది. హాలు నిండా జనం ఉండగా నవ్వింది. తిట్టినా ఇంత ఉక్రోషం వచ్చేది కాదు. అందుకే రాస్తున్నాను, కడుపులో పెట్టుకుంటే అన్నం దిగేలా లేదు.

మా కంపెనీ రొయ్యలు కొనే చైనావాళ్ళకి అనుమానం జబ్బు. ఇంకెక్కడో ఎవరో పాత వీడియో చూపించి, ఇదే ఇవాళ్టి సరుకని వాళ్ళని నమ్మించారట. అప్పటినుంచి కంటైనర్ ఎక్కే ప్రతి లాట్‌కీ లైవ్ వీడియో పెట్టాలి. ప్యాకింగ్ టేబుల్ పక్కన తెల్లబోర్డు నిలబెట్టి, వాళ్ళ మనిషి చూస్తుండగా తేదీ, చెరువు నంబరు, చివర్లో సరుకు పరీక్షలో నెగ్గిందనే మాట చైనా అక్షరాల్లో చేత్తో రాయాలి. నెగ్గింది అనడానికి రెండక్షరాలు, 合格. అవి బోర్డు మీద పడితేనే లారీ కదులుతుంది.

ఇన్నాళ్ళూ రాసినాయన వైజాగ్‌లో వేరే పని చూసుకుని వెళ్ళిపోయాడు. మేనేజరు చంద్రరావు గారు ల్యాబ్‌లో శాంపిల్స్ చూసుకుంటున్న నన్ను లాక్కొచ్చి బోర్డు ముందు నిలబెట్టారు. "జాషువా మాస్టారి అమ్మాయి. చేతిరాత ముత్యాల కోవే" అని అందరికీ చెప్పారు. కాగితం మీద ఉన్నది చూసి దింపేశాను. నా కంటికి అచ్చు గుద్దినట్టే ఉంది.

ట్యాబ్‌లో కనిపించే ఆవిడ పేరు లిన్ మేడమ్. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, నాలాంటి ఇంగ్లీషే. ముందు నవ్వి, తరవాత నవ్వు ఆపేసి, "మీరు రాయడం లేదు, గీస్తున్నారు" అంది. ఆ రెండక్షరాల్లోనూ కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని నేను సున్న చుట్టినట్టు చెయ్యి ఎత్తకుండా ఒక్క చుట్టులో చుట్టేశాను. తెలుగు చెయ్యి మరి, ఇంకెలా రాస్తుంది? అది మూడు గీతలట. ముందు ఎడమ గోడ. తరవాత పైకప్పు, అదే గీత మలుపు తిరిగి కుడి గోడ. చివర్లో కింద అడ్డగీత.

"చూసి గీయడం ఎవరైనా చేస్తారు. గీసేవాళ్ళకి తాము ఏం చెబుతున్నారో తెలియదు. రాసేవాళ్ళకి తెలుస్తుంది. నాకు తెలిసి రాసే మనిషి కావాలి" అంది.

చంద్రరావు గారు ఆవిడకి దండాలు పెట్టేసి, నా వైపు తిరిగి, "నేర్చేసుకో అమ్మా. నీకు ఎక్స్‌పోర్ట్ డెస్క్‌లో పర్మనెంట్ చేయించే పూచీ నాది" అన్నారు. కాంట్రాక్టు మీద వేలాడుతున్న దానికి అంతకన్నా ఏం కావాలి.

జూన్ 11, బుధవారం

పై నుంచి కిందికి. ఎడమ నుంచి కుడికి. ముందు అడ్డం, తరవాత నిలువు. చెప్పడానికి ఎంత తేలిక.

జూన్ 15, ఆదివారం

గుడి నుంచి వచ్చాక వరండాలో కూర్చుని దిద్దుతున్నాను. నాన్న పేపరు పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"ఏంటే, పలక కొనిపెట్టమంటావా?"

"నవ్వండి నాన్నా, నవ్వండి."

మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల చేతి మీద చెయ్యి వేసి అఆలు దిద్దించిన మనిషి. ఆయనకి అక్షరం అంటే గుండ్రంగా ఉండాలి. కోసుగా రాస్తే "ఇది అక్షరమా, ముళ్ళకంపా?" అనేవారు. నా పెన్ను తీసుకుని తనూ ఒక పెట్టె రాశారు. చక్కటి సున్న వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. అమ్మ పోయాక ఈ ఇంట్లో ఇంత నవ్వు వినలేదు.

జూలై 4, శుక్రవారం

లిన్ మేడమ్ లోడింగ్ అయ్యాక పది నిమిషాలు ఆగి నా తప్పులు దిద్దుతోంది. ఎవరూ అడగలేదు, ఆవిడకే సరదా. వాళ్ళ నాన్న కూడా బడిపంతులేనట. ఈరోజు నీళ్ళు అనే అక్షరం చెప్పింది. అందులో మాత్రం నడిమి గీత ముందు, తరవాత చెరో పక్క. నడుం నిలబడ్డాకే చేతులు చాచాలట.

గ్రేడింగ్ టేబుల్ పెద్ద రత్తమ్మక్క నా వెనక నిలబడి చూస్తోంది. యానాం అవతల బెస్తపాలెం మనిషి. పొద్దస్తమానూ ఐసులో నాని చేతులు తెల్లగా పాలిపోయి ఉంటాయి. "ఏంటమ్మాయ్ ఆ పీత కాళ్ళు?" అంది. దాన్ని నీళ్ళంటారని చెప్పాను. "నీళ్ళకి కాళ్ళెందుకే, అయ్యే పరిగెడతాయి" అని వెళ్ళి రొయ్యల్లో చేతులు పెట్టేసింది. నాకు మధ్యాహ్నం టిఫిను డబ్బాలో చేప ముక్క పెట్టే మనిషి ఈ కంపెనీలో ఆవిడొక్కతే.

జూలై 18, శుక్రవారం

"ఇప్పుడు మీరు రాస్తున్నారు" అంది లిన్ మేడమ్.

ఆ మాట ఇక్కడ రాసుకుని మళ్ళీ చదువుకున్నాను. ఇంకోసారి చదువుకున్నాను. పెళ్ళి సంబంధం కుదిరిన రోజు కూడా ఇంత సంబరపడలేదు. (అది తప్పిపోయినప్పుడు ఏడవనూ లేదు.) పర్మనెంట్ కాగితం సెప్టెంబరులో ఇస్తారట. చంద్రరావు గారు కూల్‌డ్రింక్ తెప్పించారు.

ఆగస్టు 5, మంగళవారం

పధ్నాలుగో చెరువు శాంపిల్‌లో నిషేధించిన యాంటీబయాటిక్ వచ్చింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ వచ్చింది.

చంద్రరావు గారితో చెప్పాను. "కిట్ పాతదయ్యుంటుందమ్మా" అన్నారు. కొత్తదే. అట్ట నేనే విప్పాను. ఆ మాట కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "భీమరాజు గారి చెరువు కదూ అది" అన్నారు. భీమరాజు గారు ఆయన బావమరిది. నాకు తెలుసునని ఆయనకి తెలుసు.

ఆగస్టు 6, బుధవారం

మూడోసారి చేయలేదు. చేయమని ఎవరూ అనలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

చంద్రరావు గారు తన గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. మూడేళ్ళలో మొదటిసారి కుర్చీ చూపించారు.

"బయట ల్యాబ్ నుంచి రిపోర్టు మంచిదే వచ్చేలా చూస్తున్నాను. నీ మీదకేం రాదు. నువ్వు సంతకం పెట్టేది లేదు, మాట చెప్పేది లేదు. పంతొమ్మిదో తారీకు లోడింగ్‌లో రోజూలాగే బోర్డు రాయి. గీతలే కదమ్మా."

"ఆవిడ నన్ను నమ్ముతోందండి."

"అందుకేగా నువ్వు రాయాల్సింది." తరవాత గొంతు తగ్గించి, "కిందటేడు ఒక కంటైనర్ వెనక్కొస్తే హాలు నెల్లాళ్ళు మూసేశాం, గుర్తుందా? పీలింగ్ ఆడాళ్ళందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. నీ రత్తమ్మక్కనే అడుగు, తెలుస్తుంది" అన్నారు.

అడగక్కర్లేదు. రత్తమ్మక్క ఆ నెలంతా జంగారెడ్డిగూడెంలో జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళింది. ఆ జీడి కారి వేళ్ళు కాలి, తొక్కలు లేచిన చేతులతో తిరిగొచ్చింది. ఐసులో పెడితే మంట తెలియట్లేదులే అని నవ్వింది కూడా.

గీతలే. నిజమే. గీతలే కదా. మొదటిదానికి ఆరు, రెండోదానికి పది.

ఆగస్టు 10, ఆదివారం

గుడిలో పాస్టరు గారు పిల్లల చేత ఆజ్ఞలు చెప్పిస్తున్నారు. అబద్ధ సాక్ష్యం మా లూథరన్లకు ఎనిమిదో ఆజ్ఞ, మా పిన్నివాళ్ళ బాప్టిస్టులకు తొమ్మిదోది. చిన్నప్పుడు దీని మీద పిన్ని కొడుకుతో జుట్లు పట్టుకున్నాను. ఏ లెక్కన చూసినా అది ఉంది.

పరధ్యానంగా ఉన్నావేంటని నాన్న అడిగారు. తలనొప్పన్నాను.

నాకు ఈ కంపెనీ అన్యాయం చేయలేదు. చంద్రరావు గారు చెడ్డవారు కారు. మా అమ్మ పోయినప్పుడు కారు పంపారు. ఆ రొయ్యలు తిన్నవాళ్ళకి ఒక్కపూటకి ఏమవుతుంది? ఏమీ కాదు. అడపాదడపా మనం మింగే మాత్రల్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇది నేను చదువుకున్న దానికి విరుద్ధమని నాకు తెలుసు. ఊరికే రాసి చూశాను, ఎలా కనిపిస్తుందోనని.

ఆగస్టు 13, బుధవారం

రెండక్షరాలూ వంద పైన దిద్దాను. ఎందుకు దిద్దానో తెలియదు, వచ్చినవే కదా. దిద్దుతున్నప్పుడు వాటికి అర్థం లేకుండా పోతుందేమోనని చూశాను. లోపల పలుకుతూనే ఉంది. నెగ్గింది, నెగ్గింది, నెగ్గింది.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. జెండా పండగకి నాన్న పాత బడికి వెళ్ళారు. నేను బట్టలు ఉతుక్కున్నాను.

ఆగస్టు 17, ఆదివారం

తోచింది! ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

తప్పు వరసలో రాస్తాను. పెట్టెని మళ్ళీ సున్నలా చుట్టేస్తాను. అడ్డం బదులు నిలువు ముందు వేస్తాను. పూర్తయ్యాక బోర్డు మీద అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, చంద్రరావు గారికి వెతికినా తప్పు దొరకదు. చెయ్యి కదలడం చూసే లిన్ మేడమ్‌కి మాత్రం తెలిసిపోతుంది. రెండు నెలలుగా రాస్తున్న పిల్ల ఒక్కసారిగా మళ్ళీ గీస్తోందేమిటని ఆవిడకి అనుమానం రాకపోదు. అనుమానం ఆవిడ జబ్బే కదా. సరుకు మళ్ళీ పరీక్షించమంటుంది. నేనేమీ చెప్పినట్టు కాదు. చంద్రరావు గారికి నేను ఎదురు తిరిగినట్టూ కాదు. పామూ చావదు, కర్రా విరగదు.

అబద్ధమూ ఆడను, ఉద్యోగమూ పోదు. దేవుడే చూపించాడు ఈ దారి.

తప్పుగా రాయడం సాధన చేస్తే ఒక పట్టాన రావట్లేదు. చెయ్యి మొండికేసి ఎడమ గోడ దగ్గరికే వెళ్తోంది. నాన్న కాఫీ తెచ్చి పక్కన పెట్టి, "పొద్దున్నించీ ఒకటే పెట్టె. అందులో ఏం దాస్తున్నావే?" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఆగస్టు 18, సోమవారం

రేపే. కంపెనీ బస్సులో రత్తమ్మక్క నా భుజం మీద తల ఆనించి ద్రాక్షారామం దాకా నిద్రపోయింది. వాళ్ళ ఆయనకి వేట లేదట, ఏటికి వరద నీరు. ఈవిడ తెచ్చేదే ఇంటికి ఆధారం.

చెప్పాలనుకున్నాను. చెబితే నలుగురికీ పాకుతుందని ఊరుకున్నాను. అదే కారణం. ఇంకేం కాదు.

ఆగస్టు 19, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపటికల్లా నా మనసు దాన్ని నాకు అనుకూలంగా మార్చేస్తుంది, నా సంగతి నాకు తెలుసు.

పదకొండింటికి వీడియో పెట్టారు. హాల్లోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి ఉన్న ట్యాబ్ ఒక్కటే, స్టాండ్ మీద. దాని వెనకాల, ఆవిడకి కనబడకుండా, చంద్రరావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పీలింగ్ ఆడాళ్ళని పని ఆపొద్దన్నారు. వెనక నీళ్ళ చప్పుడు, ట్రేల చప్పుడు.

లిన్ మేడమ్ నన్ను చూసి చెయ్యి ఊపింది. జలుబు చేసినట్టుంది, మెడకి గుడ్డ చుట్టుకుంది. తేదీ రాయమంది. రాశాను. చెరువు నంబరు రాయమంది. పధ్నాలుగు రాశాను. "ఫలితం?" అంది.

మొదటక్షరం పైన గొడుగులా ఉండే రెండు గీతల్లో కుడిది ముందు వేశాను. కింద పెట్టెని సున్నలా చుట్టాను. మార్కర్ కిచ్చుమంది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను.

లిన్ మేడమ్ పకపకా నవ్వింది.

"వినీలా! నిద్ర లేదా? పెట్టె మూడు గీతలు! తుడవండి, తుడవండి."

తుడిచాను. మళ్ళీ సున్నే చుట్టాను. ఆవిడ కళ్ళలోకే చూస్తూ చుట్టాను. అనుమానించమ్మా తల్లీ, నీ అనుమానం ఇవాళ ఎటు పోయిందని లోపల మొత్తుకున్నాను.

ఆవిడ నవ్వడం మానేసింది. కోప్పడలేదు. నాన్నకి ఉన్న ఓపికే. ఒక తెల్లకాగితం తీసి, లావు పెన్ను పట్టుకుని, కాగితాన్ని కెమెరాకి దగ్గరగా పెట్టి, "ఫరవాలేదు. అలిసిపోయారు. మెల్లగా, నాతోపాటు" అంది. ఎడమ గోడ గీసి ఆగింది, నేను గీసేదాకా. పైకప్పు, మలుపు, కుడి గోడ. ఆగింది. కింద అడ్డం. రెండో అక్షరం పదిగీతలూ అలాగే, ఒక్కొక్కటీ, నాకోసం ఆగుతూ. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి దిద్దించినట్టే ఉంది. అబద్ధాన్ని నాచేత వరస తప్పకుండా దిద్దిస్తోంది, పాపం, తెలియక.

రెండూ పూర్తయ్యాయి. నేను ఇంతవరకు రాసినవాటిలో అంత బాగా ఎప్పుడూ రాలేదు. ఆవిడ బొటనవేలు పైకెత్తి చూపించింది. ట్యాబ్ వెనక చంద్రరావు గారు ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఇంక మార్కర్ మూత పెట్టడమే.

నా తెలివితేటలన్నీ అక్కడితో అయిపోయాయి. పామూ చావలేదు, కర్రా విరగలేదు, నేను మాత్రం ఆ పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడకి తెలియాలంటే నేను చెప్పాలి. నా బదులు నా చెయ్యి తప్పులు చేసి చెప్పదు.

ఆ రెండక్షరాల ముందు కాస్త చోటు ఉంది. అక్కడ ఇంకో అక్షరం రాశాను. 不. నాలుగే గీతలు. అడ్డం, ఏటవాలు, నిలువు, చుక్క. చైనా అక్షరాలు మొదలెట్టిన ఎవరైనా మొదటి వారంలోనే నేర్చుకునేది. వరసలోనే రాశాను.

కాదు. నెగ్గలేదు.

లిన్ మేడమ్ బొటనవేలు ఇంకా పైనే ఉంది. మెల్లగా దించింది. జలుబు గొంతుతో, "అది మీరు రాయాలనే రాశారా?" అని అడిగింది.

"అవునండి" అన్నాను, తెలుగులో. తరవాత ఇంగ్లీషులో అన్నాను.

ఆవిడ తల ఊపి, థాంక్యూ అని కూడా అనకుండా వీడియో ఆపేసింది. ఆపే ముందు నన్ను చూసిన చూపులో మెచ్చుకోలు లేదు. ఎన్ని బోర్డులు ఇలాగే నమ్మానో అన్నట్టు చూసింది. ఆ చూపు నేను ఊహించలేదు.

చంద్రరావు గారు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చారు. మొహం ఇంకా తేటగానే ఉంది. "అయిపోయినట్టేనా అమ్మా? చివర్లో వాటి ముందు ఇంకేదో చేర్చావు, ఏంటది?"

"కాదు అని అండి."

"ఏది కాదు?"

"సరుకు నెగ్గలేదని రాశానండి."

ఆయన తిట్టలేదు. బోర్డు వైపు తిరిగి, ఆ నాలుగు గీతల్నీ చేత్తో తుడిచేశారు. ఎవరికోసం తుడిచారో ఆయనకే తెలియాలి. తరవాత మెల్లగా, "నీకేం తక్కువ చేశానమ్మా?" అన్నారు. ఏమీ తక్కువ చేయలేదు.

ఆగస్టు 20, బుధవారం

బస్సు రాలేదు. హాలు మూసేశారని డ్రైవరు ఫోన్ చేశాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు. నన్ను రావొద్దని ప్రత్యేకంగా ఎవరూ అనలేదు, అనక్కర్లేదు కూడా.

నాన్నకి అంతా చెప్పాను. విన్నారు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా విన్నారు. "మంచి పని చేశావు" అన్నారు. ఆయన మాట వింటే ఒళ్ళు తేలికపడుతుందనుకున్నాను. ఏమో, పడలేదు.

ఆగస్టు 21, గురువారం

ఉండబట్టలేక యానాం బస్సెక్కి రత్తమ్మక్క ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని సంచీలో బట్టలు సర్దుతోంది. నన్ను చూసి లేవలేదు. పీట మాత్రం ముందుకి తోసింది.

"విన్నానమ్మాయ్. పుచ్చు సరుకుని మంచిదని రాయనన్నావంట. రాయకూడదు. నేనైనా రాయను."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతమందిలో ఆవిడకి అర్థమైందనుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

"ఐదో తారీకున అక్కా."

రత్తమ్మక్క చీర మడత పెట్టడం ఆపింది. వేళ్ళ మీద లెక్కేసుకున్నట్టు పెదాలు కదిలాయి.

"జీడిపిక్కల మేస్త్రీ పదో తారీకుదాకా మనుషుల్ని ఎక్కించుకున్నాడు. నాకు ఫోన్ చేసి మరీ అడిగాడు. మా హాలు నడుస్తోంది, రానన్నాను. ఇప్పుడు ఖాళీల్లేవంట. అన్నవరం కొండ కింద మా చెల్లి కొట్లో గిన్నెలు తోమడానికెళ్తన్నాను."

ఆవిడ ఆపేసిన చీర మడత నేను అందుకున్నాను.

"రోజూ పక్కనే కూచున్నాను కదమ్మా బస్సులో" అంది. గొంతులో కోపం లేదు. "ఆ చైనా ఆవిడికి ఎలా చెప్పాలా అని అన్నాళ్ళు ఆలోచించావు. నాకు తెలుగులో చెప్పడానికి ఏమైంది?"

సంచీ మూతికి తాడు కట్టింది. బస్‌స్టాండ్‌దాకా సంచీ నేను పట్టుకుంటానన్నాను. వద్దని, తనే నెత్తిన పెట్టుకుని నడిచింది. వెనకాలే నడిచాను. బస్సు వచ్చేదాకా ఇద్దరం ఒకే రేకు కింద నిలబడ్డాం.